ఎపెక్సా, హీరోనా? ఓవర్‌క్లాకింగ్‌కి ఏ బోర్డు మేలు

ఆసుస్ రోగ్ మాక్సిమస్ జెడ్790 ఎపెక్స్, జెడ్790 హీరో. రెండూ ఇంటెల్ ప్రాసెసర్ల మదర్‌బోర్డులే. ఒకే కంపెనీ, ఒకే చిప్‌సెట్, ఒకే సాకెట్. రెండూ ఖరీదే. ఓవర్‌క్లాకింగ్ మీద, అంటే చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి నడపడం మీద మనసుపడ్డవాళ్లు ముందుగా చూసేది పవర్ స్టేజ్‌ల లెక్క. ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాలివి. హీరోలో ప్రాసెసర్ కోసం 20, ఒక్కోటి 90 ఆంపియర్లవి. ఎపెక్స్‌లో 24, ఒక్కోటి 105 ఆంపియర్లవి. ఇంకేముంది, ఎపెక్సే అనిపిస్తుంది.

ఆ లెక్క చూసి మాత్రం కొనకండి. కోర్ ఐ9-14900కె ప్రాసెసర్ టర్బోకి, అంటే పూర్తి వేగంతో పరిగెత్తేటప్పటికి, ఇంటెల్ పెట్టిన పరిమితి 253 వాట్లు. 1.25 వోల్టుల దగ్గర అది సుమారు 200 ఆంపియర్లు. హీరో స్టేజ్‌లన్నీ కలిపితే కాగితం మీద 1,800. పరిమితి ఎత్తేసి నడిపినా ముందు చేతులెత్తేసేది కూలరే. మే నెలలో గదిలోనే 38 డిగ్రీలుంటే ఎయిర్ కూలరైనా లిక్విడ్ కూలరైనా చిప్‌ని అంతకంటే చల్లబరచలేదు. ఆ అదనపు స్టేజ్‌లకి పని పడేది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులకి పోటీపడేవాళ్ల దగ్గర.

అసలు తేడా ర్యామ్ స్లాట్‌లలో ఉంది. హీరోకి నాలుగు, ఎపెక్స్‌కి రెండే. నాలుగు స్లాట్‌ల బోర్డులో రెండు స్టిక్‌లే పెట్టినా, ఖాళీ స్లాట్‌కి వెళ్లే రాగి దారులు అక్కడే ఉంటాయి. సిగ్నల్ కొంత ఆ కొసదాకా పోయి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ని చెడగొడుతుంది. డీడీఆర్5 ర్యామ్ వేగం పెరిగేకొద్దీ ఇది భరించలేనంత అవుతుంది. ఎపెక్స్‌లో ఆ కొసే లేదు, దారి కూడా పొట్టి. అందుకే ఒకే ర్యామ్ కిట్ దీనిమీద ఇంకాస్త పైకి ఎక్కే అవకాశం ఎక్కువ. టైమింగ్‌లు (ర్యామ్ ఒక్కో పనికి ఆగే వ్యవధులు) మరీ బిగించి బూట్ కాకపోతే సేఫ్ బూట్ బటన్ నొక్కితే చాలు. పెట్టిన సెట్టింగ్‌లు పోకుండానే బయాస్‌లోకి (బోర్డు సెట్టింగ్‌ల మెనూ) వెళ్లి ఒక్క అంకె సవరించుకోవచ్చు. రాత్రంతా ర్యామ్‌తో కుస్తీ పట్టేవాళ్లకి ఇది ఎంత ఉపకారమో చెప్పలేను.

బదులుగా వదులుకునేవీ ఉన్నాయి. 48 జీబీ స్టిక్‌లతో ఎపెక్స్ 96 జీబీ దగ్గర ఆగితే హీరో 192 దాకా వెళ్తుంది. హీరోలో రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులు, హెచ్‌డీఎంఐ ఉన్నాయి. ఎపెక్స్‌లో తెరకి కలిపే పోర్టే లేదు, గ్రాఫిక్స్ కార్డు పాడైతే తెర నల్లగానే ఉంటుంది. కాబట్టి దానికి లోపల గ్రాఫిక్స్ లేని కేఎఫ్ రకం ప్రాసెసర్ కొన్నా నష్టం లేదు.

ఇంటెల్ కింది మెట్టు చిప్‌సెట్ బీ760 సంగతి ఒక్కమాట: ర్యామ్ వేగం పెంచనిస్తుంది, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ జోలికి రానివ్వదు.

నా ఓటు: ర్యామ్ ట్యూనింగే మీ సరదా అయితే కళ్లుమూసుకుని ఎపెక్స్. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు అయితే హీరో. ఏది కొన్నా ఓవర్‌క్లాక్ మొదలెట్టే ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. చిప్ 1.55 వోల్టులకి మించి అడగకుండా ఇంటెల్ 2024 ఆగస్టులో ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) అందులోనే వస్తుంది.