నాలుగు పిస్టన్లు, ఒక్క రబ్బరు బూటు లేదు

మూడేళ్లు వాడి, విప్పేశాక రాస్తున్నాను, అదీ కోపంతోనే. మా పోలో జీటీ కారు ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల ఎర్ర బ్రేక్ కాలిపర్లు వేయించాను. బ్రేక్ తొక్కితే పిస్టన్లతో ప్యాడ్లను నెట్టి, చక్రంతో తిరిగే డిస్క్‌ను నొక్కి పట్టేవే కాలిపర్లు. కంపెనీ పేరు వద్దు. కొనేటప్పుడు అన్నీ చూశాను, ఒక్కటి తప్ప: పిస్టన్ పక్క సందులోకి దుమ్ము పోకుండా ఆపే రబ్బరు బూటు. వీటికి అది లేదు. రేసు కోసం చేసే వాటికి చాలావరకు ఉండదు, ఆ వేడికి రబ్బరు నిలవదు, పైగా వాళ్లు పిస్టన్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు తరచూ మారుస్తుంటారు. మనం హన్మకొండలో ఒకసారి వేయించి మర్చిపోయే రకం.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం. బండి పెట్టింది పొలంలో, చుట్టూ దుమ్మే దుమ్ము. వచ్చాక కడిగించాను, పని అయిపోయిందనుకున్నా. రెండు వారాలకు ములుగు నుంచి వస్తుంటే ఏదో కాలుతున్న వాసన. ముందున్న లారీ క్లచ్ అనుకుని దాన్ని దాటేశాను, వాసన కూడా నాతోపాటే వచ్చింది! గూడెప్పాడ్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. టెన్షన్‌తో ఎలాగోలా పక్కకు ఆపి చూస్తే ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. న్యూట్రల్‌లో పెట్టి, టీ కొట్టు ఆయనా నేనూ కలిసి తోసినా కదల్లేదు.

దుమ్ముకు ఒక పిస్టన్ బిగుసుకుపోయి, ప్యాడ్ డిస్క్‌ను వదలకుండా రాసుకుంటూనే వచ్చింది, ఆ వేడి ఎక్కి బ్రేక్ ఆయిల్ మరిగింది, పెడల్ మెత్తబడింది అందుకే. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ లెక్క 155కు దిగుతుంది. నాది రెండు వానాకాలాలు చూసిన ఆయిల్, ఆ తప్పు నాదే. మెకానిక్ అన్న చూసి, "తమ్మీ, గీటికి బూట్లేవి? చెప్పుల్లేకుండ ముండ్లల్ల నడిపించినవు" అన్నాడు.

కొత్తలో బండి గీత గీసినట్టు ఆగుతోందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. అందులో సగం అదే రోజు వేయించిన కొత్త టైర్లదేమో అని ఇప్పుడనిపిస్తోంది, పాత బ్రేకులు కూడా గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగిసి జారకుండా ఆపేది) కొట్టుకునేదాకా పట్టేవి కదా. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు మాత్రం తేడా నిజం, కిందికి వచ్చేదాకా పెడల్ ఒకేలా ఉండేది. ప్యాడ్లు మార్చడమూ హాయి, రెండు పిన్నులు లాగితే పైనుంచే వచ్చేస్తాయి.

సీల్ కిట్ తెప్పించి బాగు చేయించాను. నాలుగు నెలలకు ఇంకో పిస్టన్ పట్టేసింది. ఇక చాలని పాత సింగిల్ పిస్టన్ కాలిపర్లే పెట్టించి, మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్ వేయించాను. అవి జారే పిన్నులకు అప్పుడప్పుడు గ్రీజు రాయిస్తే చాలు.

నేను తిరిగేది దుమ్ము దారుల్లో, ఘాట్ ఏడాదికి రెండుసార్లే. తారురోడ్డు దాటనివాళ్లకు, ఏటా సీళ్లు మార్పించే ఓపిక ఉన్నవాళ్లకు ఆ ఎర్రవే నచ్చొచ్చు. బూట్లున్న నాలుగు పిస్టన్లవి కూడా దొరుకుతాయి, నేను మళ్లీ కొంటే అవే చూస్తా, కొంటే. ఆ ఎర్ర కాలిపర్ల కోసమని 15 అంగుళాల చక్రాలు తీసేసి 16వి కొన్నాను, అవి ఇంకా బండికే ఉన్నాయి. వాటి వెనక పాత కాలిపర్లు అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా కనిపిస్తున్నాయి.