చిన్న బల్లుల ఫోటోలకు స్కేలు కార్డులు కొంటున్నారా? ముందు వాటినే కొలిచి చూడండి

వేలి గోరంత బల్లి పిల్లలను, వానపాములా కనిపించే గుడ్డి పాములను ఫోటో తీసే మిత్రులు నేను చేసిన పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను. గత వేసవిలో ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర మూడు స్కేలు కార్డుల సెట్టును 499 రూపాయలకు కొన్నాను. ఫోటోలో జంతువు పక్కన పెడితే దాని పరిమాణం చూసేవారికి తెలియాలన్నది నా ఉద్దేశం. వానాకాలమంతా తూర్పు కనుమల్లో ఆ కార్డులతోనే ఫోటోలు తీశాను. సరీసృపాలపై పనిచేసే ఒక మిత్రుడు నా ఫోటోలు చూసి, ఈ కొలతలు కొంచెం ఎక్కువగా ఉన్నాయే అని అనేవరకు నాకు కార్డు మీద అనుమానమే రాలేదు.

ఆ రాత్రి స్టీలు స్కేలును కార్డు అంచుకు ఆనించి చూశాను. కార్డు మీద 50 మిల్లీమీటర్లు అని రాసి ఉన్న గీత నిజానికి 47 దగ్గరే ఉంది. మూడు కార్డులదీ ఇదే పరిస్థితి. ముద్రించేటప్పుడు పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంటే బొమ్మ మొత్తం కుంచించుకుపోతుంది. గీతల మధ్య దూరాలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి లోపం కంటికి కనిపించదు. ఆ కార్డు పక్కన 30 మిల్లీమీటర్లుగా కనిపించిన బల్లి అసలు పొడవు 28.2 మిల్లీమీటర్లే.

రెండు మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. కానీ మడగాస్కర్ ఊసరవెల్లుల్లో 2012లో ప్రకటించిన బ్రుకేసియా మైక్రా మగది ముక్కు కొన నుంచి మలద్వారం దాకా 16 మిల్లీమీటర్లకు మించలేదు. 2021లో ప్రకటించిన బ్రుకేసియా నానా మగది 13.5 మిల్లీమీటర్లు. ఆ రెంటి మధ్య తేడా అంతా రెండున్నర మిల్లీమీటర్లే. మన నెల్లూరు వైపు పెంచలకోనలో దొరికి, 2020లో కొత్త జాతిగా పేరు పొందిన చిన్న బల్లి కూడా అదే కొలతలో 30 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇంత చిన్న ప్రాణుల విషయంలో స్కేలు లేని ఫోటో కంటే తప్పుడు స్కేలు ఉన్న ఫోటోయే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే స్కేలు కనబడగానే చూసేవారు ఆ అంకెను నమ్మేస్తారు.

కార్డు వద్దనుకుని రూపాయి నాణెం పెడదామంటే అదీ చిక్కే. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి వ్యాసం 25 మిల్లీమీటర్లు, 2011 శ్రేణిది సుమారు 22, 2019 శ్రేణిది 20. నాణెం ముద్రణ సంవత్సరం ఫోటోలో కనబడకపోతే చూసేవారికి ఏ రూపాయో ఎలా తెలుస్తుంది? ఇక బల్లిని పట్టుకొచ్చి నాణెం మీదనో వేలి మీదనో కూర్చోబెట్టే పని మాత్రం దయచేసి ఎవరూ చేయవద్దు. కంగారులో అది తోక వదిలేసిందంటే, ఆ తోకలో దాచుకున్న కొవ్వు కూడా దానితోపాటే పోతుంది.

ఆ కార్డుల్లో ఇతర లోపాలూ ఉన్నాయి. పైన వేసిన నిగనిగలాడే పొర మీద ఫ్లాష్ పడితే, సరిగ్గా చదవాల్సిన అంకెలే తెల్లటి మచ్చలో మాయమవుతాయి. రెండు రాత్రులు తడి తగిలేసరికి అంచులు పైకి లేచాయి. అలా లేచిన కార్డు లెన్సుకు దగ్గరవుతుంది కనుక దాని గీతలు పెద్దవిగా, పక్కనున్న జంతువు చిన్నదిగా కనిపిస్తాయి. స్కేలు ఎప్పుడూ జంతువు శరీరం ఉన్న తలంలోనే, కెమెరాకు ఎదురుగా సమంగా ఉండాలి.

మీరు ఇప్పటికే ఇలాంటివి కొని ఉంటే పెట్టె తెరిచిన రోజే పరీక్షించండి. ఏటీఎం కార్డు పొడవు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి చూస్తే స్కేలు నిజమో కాదో నిమిషంలో తేలిపోతుంది. నేను ఇప్పుడు కార్డు వాడటమే మానేశాను. చిన్న వాటిని దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సును మాన్యువల్ ఫోకస్‌లో ఒక దూరం దగ్గర స్థిరపరిచి, కెమెరానే ముందుకూ వెనక్కూ కదిపి ఫోటో తీస్తున్నాను. బల్లి వెళ్లిపోయాక ఫోకస్ రింగు కదల్చకుండా అదే చోట స్టీలు స్కేలును పెట్టి మరో ఫోటో తీస్తే కొలత దొరుకుతుంది, బల్లికి ఏ ఇబ్బందీ ఉండదు.

విక్రేతకు కార్డు, స్టీలు స్కేలు పక్కపక్కనే ఉన్న ఫోటోలు పంపాను. ఇవి ఫోటోలో చూపించడానికే తప్ప కొలవడానికి కాదని, పైగా రిటర్న్ గడువు దాటిపోయిందని జవాబు వచ్చింది. కొలవడానికి పనికిరాని దాని మీద మిల్లీమీటర్లు ఎందుకు ముద్రించారని మళ్లీ అడిగితే బదులు లేదు. కార్డు చదునుగా ఉన్న ఫోటోలన్నిటి కొలతలను 0.94తో గుణించి సరిచేశాను. కార్డు వంగి ఉన్న ఫోటోల నుంచి కొలతలు పూర్తిగా తీసేసి, ఆ ఫోటోలను ఇంతకుముందు నా దగ్గర నుంచి తీసుకున్నవారందరికీ ఆ సంగతి విడివిడిగా రాసి పంపుతున్నాను.