మూడు పంటలు ఫార్మ్‌ఓఎస్‌తో: మా ఆరెకరాల మిరప, పత్తి రికార్డు

2021 చివర్లో నల్ల తామర పురుగు మా మిరప తోట మీద పడినప్పుడు నాన్న, తమ్ముడు ఎన్నిసార్లు మందు కొట్టారో వాళ్లకే గుర్తులేదు. పూత ముడుచుకుపోయి రాలిపోతుంటే షాపులో ఏది ఇస్తే అది తెచ్చి కొట్టారు. పంట అయిపోయాక మందుల షాపు బాకీ ముందేసుకుని ముగ్గురం కూర్చున్నాం. చీటీలు ఉన్నాయి, డబ్బు లెక్క ఉంది. ఏ మందు ఏ చేలో కొట్టాం, ఏ తేదీన కొట్టాం, కొట్టాక పురుగు తగ్గిందా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. నాన్న నోటుబుక్కులో ఒక పేజీలో 'మందు 4,200' అని ఉంది, ఇంకో పేజీలో 'మందు 3,650' అని ఉంది. అంతే. సరైన రికార్డు పెట్టి తీరాలన్న పట్టుదల నాకు ఆ రోజే వచ్చింది. ఇప్పుడు ఆ రికార్డు ఫార్మ్‌ఓఎస్ అనే సేద్యపు రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో పెడుతున్నాను, దాని అనుభవమే ఇది.

మాది పల్నాడు జిల్లా, సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. సొంతం నాలుగెకరాలు, కౌలుకు రెండెకరాలు. నల్లరేగడి. మిరపలో తేజ వేస్తాం, బోరు కింద పత్తి. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను, పెళ్లయ్యాక కూడా ఈ ఊళ్లోనే ఉంటున్నాను, సేద్యం లెక్కలు నేనే చూస్తాను.

మొదట ఎక్సెల్ పెట్టాను. రెండు నెలలకే ఒక్కో వరుసలో నాలుగు సంగతులు కుక్కాల్సి వచ్చింది. తర్వాత ఫోన్లో ఒక యాప్ వాడాను. ఏడాది పాటు బాగానే నడిచింది. తర్వాత డబ్బు కట్టమన్నారు. కట్టడానికి ఇబ్బంది లేదు కానీ, నేను ఎక్కించిన రికార్డును బయటికి తీసుకునే దారి అందులో లేదని అప్పుడే తెలిసింది. ఒక సీజన్ రికార్డు అలా పోయింది. అప్పటి నుంచి నాది ఒకే షరతు: రికార్డు నా చేతిలో ఉండాలి.

అలా వెతుకుతుంటే ఫార్మ్‌ఓఎస్ కనిపించింది. మైకేల్ స్టెన్టా అనే ఆయన మొదలుపెట్టిన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్లు తయారుచేసే డ్రూపల్ మీద కట్టింది. 2023 ఖరీఫ్‌లో రెండో వెర్షన్‌తో మొదలుపెట్టి తర్వాత మూడో వెర్షన్‌కు మారాను. ఇప్పటికి మూడు పంటలు అయ్యాయి.

పెట్టుకోవడం తేలిక అని చెప్పను. డాకర్‌తో (సాఫ్ట్‌వేర్‌ను విడిగా ఒక పెట్టెలో పెట్టినట్టు నడిపే సాధనం) పెట్టాలి, పక్కన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడపాలి. మొదట ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. కరెంటు పోయినప్పుడల్లా అది ఆగిపోయేది, చేలో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి 'తెరుచుకోవట్లేదక్కా' అనేవాడు. నెల తర్వాత చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకున్నాను, నెలకు దాదాపు 500 రూపాయలు. సొంత డొమైన్ పెట్టుకుని హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) తప్పనిసరిగా చేయాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మనం నిలబడిన చోటును ఇవ్వదు, మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో కనపడదు. దానికే నాకు రెండు రోజులు పట్టింది. ఈ పని మీద చేయి లేనివాళ్లకు ఫార్మియర్ అని డబ్బు తీసుకుని హోస్టింగ్ చేసిపెట్టే సేవ ఉంది. సర్వర్ గొడవే వద్దనుకుంటే బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన లైట్‌ఫార్మ్ కూడా ఉచితమే, అకౌంట్ తెరిచి వాడుకోవచ్చు.

పెట్టేటప్పుడు ఏయే మాడ్యూళ్లు (విడి భాగాలు) కావాలో అడుగుతుంది. పశువులకు సంబంధించినవి వదిలేశాను. ఉన్నవన్నీ టిక్ పెడితే ఫారాలు పెరిగిపోయి ఇంట్లోవాళ్లు భయపడతారు.

ఇందులో రెండే రెండు సంగతులు అర్థమైతే చాలు. చేను, పైరు, మోటారు లాంటివన్నీ అసెట్లు. వాటి మీద జరిగే ప్రతి పనీ ఒక లాగ్. దుక్కి దున్నితే యాక్టివిటీ, పురుగు కనిపిస్తే అబ్జర్వేషన్, పిండి (ఎరువు) వేసినా మందు కొట్టినా ఇన్‌పుట్, కాయ కోస్తే హార్వెస్ట్. నాటితే ట్రాన్స్‌ప్లాంటింగ్, మట్టి పరీక్ష చేయిస్తే ల్యాబ్ టెస్ట్.

చేలను మ్యాప్ మీద గీయడం దగ్గర నేను పొరపాటు చేశాను. అడంగల్లో ఉన్న సర్వే నంబర్ల ప్రకారం గీశాను. మా ఇంట్లో సర్వే నంబర్లతో ఎవరూ మాట్లాడరు. నాన్నకు అది కాలవ చేను, ఇది బోరు చేను, అవతలిది కౌలు చేను. పైగా కాలవ చేను రెండు సర్వే నంబర్లలోకి పోతుంది. నెల తర్వాత అన్నీ తీసేసి, ఫోన్ పట్టుకుని గట్ల వెంట నడిచి, కేఎంఎల్ ఫైలుగా (మ్యాప్ గీతలు దాచే ఫైలు) దించి మళ్లీ ఎక్కించాను. పేర్లు తెలుగులోనే పెట్టాను, వెతికితే తెలుగులోనే దొరుకుతున్నాయి. సర్వే నంబర్లు నోట్సులో రాశాను. ఈ-క్రాప్ నమోదుకు వచ్చినప్పుడు ఆ నోట్సు చూసి చెప్పేస్తాను.

రెండో చిక్కు పైరు ఎక్కడుందో చెప్పడం. పైరు అసెట్‌లో 'చేను పేరు' రాసే గడి ఉంటుందని అనుకున్నాను. లేదు. నారు తెచ్చి నాటిన రోజున ట్రాన్స్‌ప్లాంటింగ్ లాగ్ రాసి, అది మూవ్‌మెంట్ అని టిక్ పెట్టి, చేను ఎంచుకుంటే పైరు ఆ చేలోకి వెళ్తుంది. ఆ లాగ్ 'పెండింగ్'లో ఉంటే మాత్రం వెళ్లదు, 'డన్' అని పెట్టాలి. ఈ సంగతి తెలియక ఆగస్టులో నాటిన మిరప అక్టోబరు దాకా మ్యాప్ మీద ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. ఒక్కసారి అర్థమయ్యాక ఈ పద్ధతే నాకు నచ్చింది. పైరు ఎక్కడ ఉండాలని అనుకున్నామన్నది దానికి పట్టదు, పని నిజంగా జరిగాకే లెక్కలోకి తీసుకుంటుంది.

కొలతల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాది లెక్క తప్పింది ఇక్కడే. మా వైపు పిండిని కట్టల్లో చెబుతాం. యూనిట్లలో 'కట్ట' అని చేర్చి అలాగే రాశాను. సంవత్సరం చివర కూడితే పొంతన లేదు. యూరియా కట్ట 45 కిలోలు, డీఏపీ కట్ట 50 కిలోలు. రెండూ 'కట్ట' అయితే ఎకరానికి ఎంత వేశామో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు అన్నీ కిలోల్లోనే రాస్తున్నాను, కట్టలు నోట్సులో. మిరప కూడా అంతే. కల్లంలో ఎండాక తూకం వేసిన ఎండు కాయే హార్వెస్ట్ లాగులోకి ఎక్కుతుంది. టిక్కీల (మిరప బస్తాల) లెక్క నోట్సులో. తాలు కాయ విడిగా రాస్తాను, దాని ధర వేరు కాబట్టి.

మందుల దగ్గర సరుకు పేరుగా బ్రాండ్ పెట్టలేదు, టెక్నికల్ పేరు (డబ్బాలో ఉన్న అసలు మందు పేరు) పెట్టాను. ఈ ఒక్క నిర్ణయానికే ఇంత శ్రమా పడొచ్చు అనిపిస్తుంది. 2023 నవంబరులో రెండు ఇన్‌పుట్ లాగులు పక్కపక్కన చూస్తే, పది రోజుల తేడాతో రెండు వేర్వేరు డబ్బాల్లో ఒకే టెక్నికల్ కొట్టామని బయటపడింది. డబ్బా రంగు వేరు, ధర వేరు, లోపల సరుకు ఒకటే. ఒకే మందు పదే పదే కొడితే తామర పురుగు దానికి అలవాటు పడుతుంది, డబ్బు పోయి పురుగు మిగులుతుంది. ఇప్పుడు షాపుకు వెళ్లే ముందు తమ్ముడు ఫోన్లో పాత జాబితా చూసి, 'ఈ టెక్నికల్ కాకుండా వేరేది ఇవ్వండి' అని అడుగుతున్నాడు. చివరి మందుకూ కోతకూ మధ్య ఎన్ని రోజులు వదిలామో కూడా ఆ జాబితాలోనే కనపడుతుంది.

రాసేది ఎవరు, ఎప్పుడు? చేలో సిగ్నల్ సరిగా ఉండదు, ఇది ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. నాన్నకు ఫారం నింపడం ఇష్టం లేదు. కొన్నాళ్లు పోట్లాడాం. చివరికి కుదిరింది ఇలా: నాన్న సాయంత్రం ఇంటికి వస్తూ వాట్సాప్‌లో మాట్లాడి పంపుతారు. 'అమ్మాయ్, కాలవ చేను గుంటక తోలించాం, ఆరుగురు కలుపు తీయడానికి వచ్చారు' అని. రాత్రి అన్నం తిన్నాక నేను ఎక్కిస్తాను, పది నిమిషాల పని. తమ్ముడికి వర్కర్ హోదా ఇచ్చాను, అతను ఫోటోలతో సహా తనే రాస్తాడు. నాన్నకు వ్యూయర్ హోదా ఉంది, చూస్తారు, మార్చలేరు. ఆయన నోటుబుక్కు మానలేదు, నేను మానమననూ లేదు.

ఆ నోటుబుక్కే మమ్మల్ని ఒకసారి కాపాడింది. సర్వర్ అద్దెకిచ్చిన సంస్థకు కార్డు నుంచి డబ్బు వెళ్లలేదు. వాళ్ల మెయిల్ నేను చూసేసరికి సర్వర్ తీసేశారు. నా దగ్గర ఉన్న బ్యాకప్ 19 రోజుల నాటిది. అదీ కోతలు జరుగుతున్న 19 రోజులు. నాన్న నోటుబుక్కు, వాట్సాప్ మాటలు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని తిరిగి రాశాను. అప్పటి నుంచి డేటాబేస్ కాపీ ప్రతి రాత్రీ దానంతట అదే ఇంటి ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది, ఫోటోల ఫోల్డరు వారానికోసారి. వెర్షన్ మార్చే ముందు ఈ రెండూ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోకుండా ముందుకు పోవద్దు.

డబ్బు లెక్కకు ఇది పనికిరాదు. దాన్ని అందుకోసం చేయలేదు కూడా. బాకీలు, వడ్డీ, కమీషన్ లాంటివి ఇందులో పెట్టాలని చూస్తే విసుగొస్తుంది. నేను చేసుకున్న ఏర్పాటు ఇది: ప్రతి లాగులో క్వాంటిటీ కింద 'విలువ' కొలతతో రూపాయలు రాస్తాను, కూలి అయితే కూలి, సరుకైతే సరుకు అని లేబుల్ పెడతాను. బిల్లు ఫోటో అదే లాగుకు తగిలిస్తాను. సీజన్ అయ్యాక సీఎస్‌వీగా దించుకుని ఎక్సెల్‌లో చేనువారీగా కూడుతాను.

ఈ చేనువారీ లెక్క విలువ 2025లో తెలిసింది. ఆ ఏడాది మిరప ధర పడిపోయింది. కేంద్రం ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. మా కాయకు యార్డులో 11 వేల దగ్గర పలికింది. కాలవ చేను, కౌలు చేను రెండూ కలిపి నాలుగెకరాల మిరప. మొత్తం ఖర్చు 7,88,000, మొత్తం దిగుబడి 78 క్వింటాళ్లు. అంటే క్వింటాలుకు సుమారు 10,100. నాన్న పాత పద్ధతిలో అయితే 'పోనీలే, క్వింటాలుకు తొమ్మిది వందలన్నా మిగిలింది' అనుకుని వదిలేసేవాళ్లం.

విడదీసి చూస్తే సంగతి వేరు. కాలవ చేలో ఎకరానికి 1,84,000 పెట్టి 22 క్వింటాళ్లు తీశాం, క్వింటాలు ఖర్చు 8,360. కౌలు చేలో ఎకరానికి 2,10,000 పెట్టి 17 క్వింటాళ్లు, క్వింటాలు ఖర్చు 12,350. కౌలు చేను నష్టాన్ని కాలవ చేను మోస్తోంది. నాన్న వెంటనే సరైన ప్రశ్నే వేశారు: 'దానికి కౌలు కలిపావు, మన చేనుకు కలపలేదుగా?' నిజమే. సొంత చేనుకు కూడా ఎకరానికి అదే కౌలు 40,000 కలిపి చూశాం, క్వింటాలు 10,180 వచ్చింది. అప్పటికీ గట్టున పడుతుంది. కౌలు తీసేసి చూసినా కౌలు చేను 10,000 దగ్గరే ఉంది. లాగులు తిరగేస్తే కారణం కనపడింది. కౌలు చేను కాలవ చివర ఉంది, నీళ్లు ఆలస్యంగా వస్తాయి, రెండేళ్లూ ఇంజను పెట్టి నీళ్లు పెట్టిన రోజులు అక్కడే ఎక్కువ. కూలి కూడా అక్కడే ఎక్కువ పడింది.

ఇంత చెప్పాక కూడా ఎకరం, రెండెకరాలు చేసుకునేవాళ్లకు నేను దీన్ని చెప్పను, మంచి నోటుబుక్కు చాలు. మూడు నాలుగు చోట్ల చేలు ఉండి, ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఒకరు ఉండి, రోజూ పది నిమిషాలు కూర్చోగలిగితే పెట్టుకోండి. పెట్టుకుంటే మొదటి ఏడాది మందులు, పిండి, నీళ్లు, కోత ఈ నాలుగే రాయండి. నేను మొదటి నెలలో వర్షం నుంచి స్ప్రేయర్ రిపేరు దాకా అన్నీ రాశాను, సెప్టెంబరుకే అలసిపోయి పది రోజులు ఏమీ రాయలేదు.

2025 వేసవిలో కౌలు చేను వదులుకున్నాం. ఫార్మ్‌ఓఎస్‌లో దాన్ని చెరిపేయలేదు, ఆర్కైవ్ చేశాను, రెండేళ్ల లాగులన్నీ అలాగే ఉన్నాయి. జూన్‌లో ఆ చేను కొత్తగా కౌలుకు తీసుకున్నాయన ఇంటికి వచ్చారు, కిందటేడు ఏం వేశారు, మట్టి పరీక్షలో ఏం వచ్చిందని నాన్నను అడగడానికి. మట్టి పరీక్ష కాగితం, రెండేళ్లు వేసిన పిండి, నీళ్లు పెట్టిన తేదీలు అన్నీ ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. నీళ్ల తేదీలున్న పేజీ దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. ఆ ఏడాది అక్కడ మిరప వేయలేదు, కంది వేశారు.