లాంగియర్‌బయెన్ – న్యూ-ఓలెసుండ్: విమానంలో 25 నిమిషాలు, నాకు పట్టింది రెండు రోజులు

మా శ్రీకాకుళం నుంచి విశాఖకి ఎంత దూరమో ఇదీ దాదాపు అంతే, 110 కిలోమీటర్లు. మనకైతే కాంప్లెక్స్‌కి వెళ్ళి ఏదో ఒక బస్సెక్కి కూర్చుంటే అయిపోతుంది. ఈ రెండు ఊళ్ళూ నార్వేకి పైన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోవి, అక్కడ ఊరికీ ఊరికీ మధ్య రోడ్డే లేదు. న్యూ-ఓలెసుండ్‌లో 2008 నుంచి మన దేశానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది. 2019 జూలైలో నెల రోజుల పని మీద అక్కడికి వెళ్ళాను.

నెట్‌లో దూరం, టైము లెక్కగట్టి చెప్పే సైట్లని నమ్మి పొద్దున్న ఫ్లైటు, మధ్యాహ్నం నుంచి పని అని రాసిపెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టుకి వెళ్తే "అక్కడ మబ్బు కిందికి దిగింది, ఆగండి" అన్నారు. సాయంత్రం దాకా ఆగి వెనక్కొచ్చేశాం. నార్వే రేట్లలో ఇంకో రాత్రి గది అద్దె! కిటికీ తెర ఎంత లాగినా సందులోంచి ఎండ. రాత్రి పదకొండయినా అదే వెలుతురు. మర్నాడూ అదే కథ, సాయంత్రానికి గానీ కదల్లేదు.

విమానం డోర్నియర్ 228. మన కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ వాళ్ళు చేసేదీ ఈ రకమే. రెండు ప్రొపెల్లర్లు, డజను పైచిలుకు సీట్లు, చెవులు దిబ్బళ్ళేసే మోత. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సిందే. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీకి ఏదీ అడ్డు రాదు. కింద హిమానీనదాలు, వాటి మీద కత్తితో గాట్లు పెట్టినట్టు నీలం పగుళ్ళు. దిగబోయే ముందు త్రీ క్రౌన్స్ అనే మూడు కొండలు కనిపిస్తాయి. ఫోటో తీద్దామని ఫోను సర్దుకునేలోపే చక్రాలు కంకర రన్‌వే మీద గరగరలాడాయి.

ఒక స్టార్ తగ్గించింది లగేజీకి. తూకం దగ్గర బరువెక్కువైందని నా రెండో పెట్టె ఆపేశారు. తప్పు నాదే అనుకోండి, కానీ ఆ సంగతి ముందే చెప్పి ఉంటే సర్దుకునేవాణ్ణి. నా పనికి కావాల్సిన, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ పేపర్లన్నీ అందులోనే. అది మూడు రోజులకి వచ్చింది. అందాకా ఖాళీ సీసాలు కడుగుతూ కూర్చున్నాను.

సరదాగా చూసొద్దామనుకునే వాళ్ళకి ఇది కుదరదు. మామూలు టికెట్ సైట్లలో దొరకదు, ఆ ఊరిని చూసుకునే కింగ్స్ బే కంపెనీ ద్వారా పనున్నవాళ్ళకే సీటు. వెళ్ళేవాళ్ళు మాత్రం అటొక రోజు, ఇటొక రోజు ఖాళీగా ఉంచుకోండి. తిరుగు ఫ్లైటు దిగిన రోజే ఓస్లోకి టికెట్ పెట్టుకోకండి.

ఇంకోటి. విమానంలో పెట్టిన ఫ్లైట్ మోడ్ దిగాక కూడా తీయకూడదు. అక్కడి రేడియో టెలిస్కోపులకి అడ్డు రాకూడదని ఊరంతా వైఫై, బ్లూటూత్ బంద్. దిగగానే ఫోన్ చేస్తానని అమ్మకి మాటిచ్చి వచ్చాను. చివరికి హిమాద్రిలో కేబుల్ పెట్టిన కంప్యూటర్ దగ్గర కూర్చుని తమ్ముడికి మెయిల్ కొట్టాను: "చేరాను, అమ్మకి చెప్పు."

5కి 4.