అనంతపురంలో జెర్సీలు చేయించుకునేవాళ్లూ, శాంపిల్ చూడందే డబ్బులు కట్టొద్దు

ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్ పుణ్యమా అని మన అనంతపురంలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకు కొదవ లేదు. 2026 వరల్డ్ కప్ కోసమని సొంత డిజైన్లతో జెర్సీలు చేయించుకునేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

మాది అర్జెంటీనా బ్యాచ్. లేత నీలం, తెలుపు చారలు, ఛాతీ మీద 1978, 1986, 2022 కప్పులకు గుర్తుగా మూడు నక్షత్రాలు, వీపు మీద తెలుగులో ‘అనంత ఫ్యాన్స్’. డిజైన్ మా తమ్ముడే ఎంతో ఇష్టంగా వేశాడు. షాపాయన ఫోన్‌కి పంపిన బొమ్మ అసలు జెర్సీకి ఏమాత్రం తీసిపోలేదు. పాలిస్టర్ గుడ్డ, సబ్లిమేషన్ ప్రింట్ (రంగు గుడ్డలోకే దిగే ప్రింట్) అని చెప్పి మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నాడు.

తీరా వచ్చినవి చూస్తే కడుపు మండిపోయింది. లేత నీలం కాస్తా ముదురు నీలమైంది. నక్షత్రాలు, పేరు అన్నీ స్టిక్కర్లే. మొదటి ఉతుక్కే మధ్య నక్షత్రం అంచు లేచింది. వెనక ఒత్తులు విడిపోయి ‘ఫ్ యాన్ స్’ అని పడింది. తమ్ముడి ముఖం చూడలేకపోయాను.

అడిగితే, "కస్టమ్ ఆర్డర్ కదన్నా, రిటర్న్ ఉండదు" అన్నాడు. మనం సైజు తప్పు చెబితే ఆ మాట అనొచ్చు. చెప్పిన ప్రింటే వేయకుండా ఆ మాట అనడం అన్యాయం.

సబ్లిమేషన్‌లో రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకే దిగిపోతుంది. వేలితో తడిమితే గుడ్డ తప్ప ఇంకేమీ తగలదు. స్టిక్కరైతే అంచు గోటికి తెలుస్తుంది. కాటన్ మీద సబ్లిమేషన్ నిలవదు, వేస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఫోన్‌లో కనిపించే రంగు గుడ్డ మీద అచ్చం అలాగే రాదు. అందుకే అదే గుడ్డ మీద ఒక్క జెర్సీ వేయించి, ఎండలో చూసి, ఉతికి, ఆ తర్వాతే మిగతావాటికి సరేననండి. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రమే ఇవ్వండి. తెలుగు పేర్లు ఉంటే ఇంకా జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు చెదిరిపోతాయి, కాబట్టి అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్‌తో పనిలేని బొమ్మ గీతల్లోకి మార్చిన ఫైలే ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. గుడ్డ, ప్రింట్ రకం బిల్లు మీద రాయించుకోండి.

నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీకూ ఇలాగే జరిగుంటే చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా దాచుకుని అదే నంబర్‌కి చేయండి.