ఐర్లాండ్ ట్రిప్: ట్రావెల్స్ వాళ్ల పని బానే ఉంది, సీజన్ మాత్రం మనమే చూసుకోవాలి

విజయనగరంలో ఒక ట్రావెల్స్ ద్వారా అమ్మానాన్నల్ని డబ్లిన్‌లో ఉన్న చెల్లి దగ్గరికి పంపించాం. వీసా పేపర్లు నీట్‌గా చేయించారు, షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చేది) ఐర్లాండ్‌కి పనికిరాదు వేరేగా తియ్యాలి అని ముందే చెప్పారు, దానికి ఫుల్ మార్కులు. కానీ ఎప్పుడెళ్తే బావుంటాది అంటే "నవంబర్‌లో టికెట్ చవక సార్" అని ఒకటే పాట. నవంబర్, డిసెంబర్‌లో అక్కడ నాలుగు, నాలుగున్నరకే చీకటి పడిపోద్ది, ఇంక ఏటి చూస్తారండీ? చెల్లి గట్టిగా చెప్పబట్టి మే నెలాఖరుకి మార్పించాం, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే.

వాన పడని నెలంటూ అక్కడ లేదు. నిజానికి డబ్లిన్‌లో ఏడాది మొత్తం పడేది మన శ్రీకాకుళం వాన కంటే తక్కువే, కాకపోతే మనకి తుఫానొస్తే రెండ్రోజుల్లో కుమ్మేసేది వాళ్లకి నెలల తరబడి తుంపర్లుగా పడతాది, గాల్వే ఉన్న పడమటి వైపు ఇంకా ఎక్కువ. క్లిఫ్స్ ఆఫ్ మొహర్ అని పడమటి సముద్రం ఒడ్డున నిలువు కొండలుంటాయి, అక్కడ గాలికి నాన్న గొడుగు తిరగబడి ఊచలు విరిగిపోయాయి, రెయిన్‌కోటే పట్టుకెళ్లండి. జూలై, ఆగస్టు అయితే జనం, రూము రేట్లు రెండూ ఎక్కువే.

ట్రావెల్స్‌కి 3.5/5. డేట్ మార్చినందుకు ఛార్జీ వేశారు, ఆ ముక్క ముందు చెప్పలేదు.