మన తర్వాత పిల్లాడు ఎక్కడ? ఇల్లా, పెద్ద హోమా, నలుగురుండే చిన్న ఇల్లా: ఏది మేలు?

బుద్ధిమాంద్యమో సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డకి ముప్పై దాటేసరికి తల్లికి అరవై వస్తాయి, మోకాళ్లు పట్టేస్తాయి. మిగతా పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. "మేం ఉన్నన్నాళ్లూ సూస్తాం, పోయాక ఈ గుంటడ్ని ఎవులు సూస్తారు బావూ?" అని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ తల్లిని కదిపినా అడుగుతుంది. దారులు మూడు: ఇంట్లోనే ఉంచి మనిషిని పెట్టుకోవడం, పెద్ద హోములో చేర్చడం, నలుగురైదుగురే ఉండే చిన్న ఇంట్లో ఉంచడం. మూడింటికీ నేను వేసే ప్రశ్న ఒకటే. చూసుకునేవాళ్లు సరిగ్గా చూడకపోతే ఆ సంగతి బయటికెలా తెలుస్తుంది, తెలిశాక మనం ఏం చెయ్యగలం?

ఇంటి సుఖం ఇంటిదే. పొద్దున్నే చోడి అంబలి, తెలిసిన వీధి, పేరుపెట్టి పిలిచే మేనత్త. పల్లెలో అయితే అరుగు మీద కూర్చునేవాళ్లు రోజుకి పదిసార్లు లోపలికి తొంగిచూస్తారు, ఒంటిమీద దెబ్బ ఉంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అదే విజయనగరంలో అపార్ట్‌మెంటు అయితే తలుపు వేస్తే వేసినట్టే. పెట్టుకున్న ఆయా మంచిదైనా ఆమె ఒక్కర్తే. సంక్రాంతికి ఊరెళ్తే బదులు మనిషి ఉండదు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000, పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000 వస్తోంది గానీ రాత్రింబవళ్లు ఉండే మనిషి జీతానికి ఆ 6,000 ఏ మూలకీ చాలదు. అమ్మానాన్నల్లో ఒక్కరైనా ఓపికగా ఉన్నంతకాలం ఇదే మేలు. ఆ తర్వాత మాత్రం ఇల్లూ పొలమూ పిల్లాడూ కలిపి తమ్ముడి వాటాకి వెళ్తాయి, తమ్ముడి భార్యని ఎవరూ ఒక మాటైనా అడగరు.

పెద్ద హోముల్ని ఒక్క మాటతో తీసిపారేయను. ఫిట్స్ అదుపులో లేనివాళ్లకి, గొట్టం ద్వారా ఆహారం ఎక్కించాల్సినవాళ్లకి నర్సు, షిఫ్టులు, రాత్రి డ్యూటీ ఉన్న చోటే కావాలి. అలాంటివాళ్ల విషయంలో నేను రెండో ఆలోచన చెయ్యను. మిగతావాళ్లకే ఇబ్బంది. అందరికీ ఒకే వేళకి స్నానం, పేల భయంతో అందరికీ గుండు, ఉతికిన బట్టల గుట్టలోంచి ఎవరికి ఏది అందితే అది. చూడ్డానికి వెళ్తే పదకొండింటికి ఆఫీసు గదిలో కాఫీ ఇచ్చి తోటంతా తిప్పుతారు. వెళ్లాల్సింది రాత్రి ఎనిమిదింటికి, చెప్పకుండా. బాత్‌రూమ్ తలుపుకి లోపల గడియ ఉందా, రాత్రి మెలకువగా ఉండేది ఎవరు, ఆడవాళ్లకి స్నానం చేయించేది ఆడవాళ్లేనా, ఫిట్స్ మాత్రలు వేసినట్టు ఎక్కడైనా రాస్తున్నారా అన్నవి చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు, ఆ సర్టిఫికెట్ నలుగురికీ కనబడేలా పెట్టాలి. గోడ మీద అది లేకపోతే కాఫీ తాగకుండానే వచ్చెయ్యండి. తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే హోములో 2001 ఆగస్టులో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. మానసిక రోగుల్ని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

పెద్ద హోములో అసలు చిక్కు ఫిర్యాదు చేసినప్పుడు బయటపడుతుంది. "ఏంటమ్మా, మా వాడు ఇంత చిక్కిపోయాడు?" అంటే "నచ్చకపోతే తీసుకుపోండి" అంటారు. తీసుకుపోయి ఎక్కడ పెడతాం? అందుకే నోరు మూసుకుంటాం. ఇంగ్లండులో సపోర్టెడ్ లివింగ్ అని నడిపే పద్ధతిలో ఇల్లు ఒకరిది, సేవ చేసేవాళ్లు వేరొకరు. ఉండేవాళ్లు తమ పేరున అద్దెకుంటారు కాబట్టి సేవ బాగోకపోతే ఇల్లు ఖాళీ చేయకుండా మనుషుల్నే మార్చుకోవచ్చు. అక్కడా ఘోరాలు జరుగుతున్నాయి, కాదనను. అయినా ఈ ఒక్క ఏర్పాటు మనం అరువు తెచ్చుకోదగ్గది.

నలుగురుండే చిన్న ఇంటి వైపు నేను మొగ్గేది అందుకే. మన దగ్గర ఇవి విరివిగా దొరకవు. పెద్దవయసు వాళ్లకి జీవితాంతం నీడ కోసం నేషనల్ ట్రస్ట్‌కి (ఇలాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఘరోండా అని ఒక పథకం ఉంది. అది అందకపోయినా, నాలుగు కుటుంబాలు కలిసి సొంత ఊళ్లోనే ఇల్లు తమ పేరున అద్దెకి తీసుకుని, పనివాళ్లని విడిగా పెట్టుకుంటే పగ్గం తమ చేతిలోనే ఉంటుంది. విజయనగరంలో ఉన్నవాడు పైడితల్లి జాతరలో సిరిమాను చూడ్డానికి వెళ్తాడా లేదా అన్నది నాకు ఏ తనిఖీ రిపోర్టు కన్నా పెద్ద లెక్క.

అయితే ఖర్చు తేలిక కాదు. నలుగురి పింఛను కలిపితే 24,000. అద్దె, ఇద్దరి జీతాలు, తిండి, మందులు అందులో తేలవు, కుటుంబాలు చెయ్యి వెయ్యాల్సిందే. పైగా చిన్న ఇంట్లో చెడు మొదలైతే సాక్షులే ఉండరు. పగలంతా నాలుగు గోడల మధ్యే ఉంచితే అది చిన్న హోమే అవుతుంది. డే సెంటరో, పేపరు కవర్ల పనో, కిరాణా కొట్టుకి నడకో, రోజూ వాళ్లు బయటివాళ్ల కంట పడాలి. ఏ వారం ఏ ఇంటివాళ్లు వస్తారో పనివాళ్లకి ముందే తెలియకూడదు.

ఏ దారి పట్టినా గార్డియన్ పని ఇప్పుడే చేసుకోండి. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే సంరక్షకులు (గార్డియన్లు) అయిపోరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేయాలి. నియమితులైన గార్డియన్ ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. సరిగ్గా చూడట్లేదని తల్లిదండ్రులు, బంధువులు ఫిర్యాదు చేస్తే కమిటీ తొలగించగలదు. తమ్ముడే గార్డియన్ అయినా ఈ లెక్క తప్పదు. లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులకి నిరామయ బీమా కూడా ఈ ట్రస్ట్‌దే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తిస్తుంది. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లకి 2017 మానసిక ఆరోగ్య చట్టం చూసుకోవాలి: ఇంటివాళ్లు లేరనో, ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదని అందులో రాసి ఉంది.